ఆఖరి హుక్కు

ఏ జాకెట్టు తొడుక్కున్నా ముందు కింది హుక్కు ఉందో లేదో తడిమి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. బజారులో కొన్నదైనా, ఊళ్ళో మా అమ్మ కుట్టించి పంపినదైనా, వేలు ముందు అక్కడికే పోతుంది. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి పోయిందని పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోన్‌లో చూశాను. ఎవరూ పిలిచి చెప్పలేదు. ఆమె జాకెట్ల పేజీలోనే పెట్టారు. "మన అక్క ఇక లేరు. సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు గుండె ఆగిపోయింది. ఈ వారం ఆర్డర్లు ఆలస్యమవుతాయి, దయచేసి సహకరించగలరు." దాని కింద వరసగా దణ్ణం పెట్టే బొమ్మలు. వాటి మధ్యలో ఒకావిడ, "నా మెరూన్ బ్లౌజ్ శుక్రవారానికి వస్తుందా?" అని అడిగింది. ఆవిణ్ణి తిట్టిపోయాలని టైపు చేసి, మళ్ళీ చెరిపేశాను. ఆవిడ తప్పేముంది? ఆవిడకి అక్క అంటే ఒక ఫోన్ నంబరు.

నాకు మాత్రం ఆమె అంటే ఈ గల్ఫ్ దేశంలో, రిగ్గై పేటలో ఒక గది, ఆ గది తలుపుకి ఒక కాలింగ్ బెల్లు.

ఆ బెల్లు సంగతి ముందు చెప్పాలి. అది నాలుగు గదుల ఫ్లాటు, గదికొక సంసారం. వీధి తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంటుంది, ఎవరి గదికి వాళ్ళు తిన్నగా వెళ్ళిపోతారు. అలాంటి చోట లోపలి గది తలుపుకి బెల్లు పెట్టుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నొక్కితే పిట్ట కూసినట్టు కూస్తుంది, బ్యాటరీతో పనిచేసేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గది తలుపు బార్లా తీసుంది. ఎదురుగా మిషను ముందు ఆమె నాకు కనిపిస్తోంది, ఆమెకి నేనూ కనిపిస్తున్నాను. "అక్కా, జాకెట్టు కుట్టించుకోవాలండీ" అంటూ లోపలికి అడుగు పెట్టబోయాను.

"బెల్లు కొట్టు పాపా" అంది, మిషను మీంచి తలెత్తకుండా.

ఇదేం తిక్కో అనుకుని నొక్కాను. పిట్ట కూసింది. అప్పుడు మిషను ఆపి, కొంగు సర్దుకుని, లేచి తలుపు దాకా వచ్చి, నన్ను అప్పుడే చూసినట్టు, "ఎవురూ? ఓ, రా పాపా, రా. కూచ్చో" అంది. ఆ మొహంలో సంతోషం చూస్తే తిట్టుకోబుద్ధి కాలేదు.

ఆమెది రాయచోటి వైపు. నాది కోనసీమ. నేను బ్నీద్ అల్ గార్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. మా ఆయన ఎడారిలో ఆయిల్ క్యాంపులో ఉంటాడు, వీలైనప్పుడు ఇంటికి వస్తాడు. అంటే ఇక్కడ సెలవు రోజులైన శుక్రవారాలు నాకూ పొడుగ్గానే ఉంటాయి. ఆమె చాలా ఏళ్ళు సల్వాలో ఒక ఇంట్లో పనిచేసింది. పిల్లలు పెద్దవాళ్ళయి, ఇంటావిడకి ఆమె అవసరం తగ్గాక, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఒక కుట్టు దుకాణం మీదికి మార్చుకుంది. ఆ అనుమతికి పూచీ పడ్డ దుకాణం యజమానికి, కఫీల్‌కి, వాటా ఇస్తూ, తన గదిలో తెలుగువాళ్ళ జాకెట్లు కుట్టేది. పేరు రాయను. ఇక్కడ ఆమెని పేరుతో పిలిచినవాళ్ళూ లేరు, జాకెట్ల అక్క అంటే చాలు.

ఆ రోజు నేను సంచిలోంచి ఆది జాకెట్టు తీసి ఇచ్చాను. లోకంలో ఏ దర్జీకైనా కొలతకి పాత జాకెట్టు ఇస్తే తీసుకుంటాడు. ఆమె దాన్ని మడత కూడా విప్పకుండా నా ఒళ్ళో పడేసింది.

"ఇదెందుకు?"

"ఆది జాకెట్టండీ."

"ఈ అండీ ఏంది పాపా, కోర్టులో ఉండామా? ఆది జాకెట్టు నిన్నటి మనిషిది. ఈ పొద్దు నువ్వెట్లుండావో దానికేం తెలుసు? లెయ్, నిలబడు."

టేపు మెడకి వేసుకుని నా చుట్టూ తిరిగింది. ఆమె వేళ్ళు ఎప్పుడూ చల్లగా ఉండేవి, మిషను నూనె వాసన వేసేవి. కొలుస్తున్నంతసేపూ ప్రశ్నలే. ఏ ఊరు, ఎంతమంది, మీ ఆయన ఎప్పుడొచ్చిపోయినాడు, పొద్దున ఏం తిన్యావు. కొలత అయిపోయినా ప్రశ్నలు అయిపోలేదు. తర్వాత ఒక గిన్నెలో బొరుగులు పోసి, ఉల్లిపాయ తరిగి కలిపి, నా చేతిలో పెట్టింది.

"మా వైపు మరమరాలంటారండీ వీటిని."

"ఏమన్నా అనుకో. తిను."

జాకెట్టు తీసుకోవడానికి వెళ్ళిన రోజు మళ్ళీ అంతే, ముందు బెల్లు, తర్వాత పలకరింపు. జాకెట్టు తొడుక్కుని చూస్తే కొలిచి పోతపోసినట్టు సరిపోయింది. కింది హుక్కు మాత్రం లేదు. "అది ఒంటి మీద చూసినాక కుడతా. బిగువు మనిషిని బట్టి ఉంటాది" అంది. ఆ మాటలో న్యాయం ఉందనుకున్నాను. సరే కుట్టమన్నాను. టీ పెట్టింది. టీ తాగాం. సూదిలో దారం ఎక్కించడానికి కూర్చుంది. ఈలోగా ఇంకొక ఆడమనిషి వచ్చి బెల్లు కొట్టింది, అక్క ఆమెకీ టీ పెట్టింది. రెండు నిమిషాల పని కోసం వెళ్ళినదాన్ని సాయంత్రం ప్రార్థన పిలుపు వినబడే దాకా అక్కడే ఉన్నాను. ఆ గదిలో ఇద్దరు పట్టే చిన్న సోఫా ఉండేది. మిషను కంటే అదే ఖరీదు ఉంటుందని నా అనుమానం. శుక్రవారం దాని మీద ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం.

ఇలా సుఖంగానే ఉండేది గాని, సోఫా మీద ముగ్గురు కూర్చుంటే అద్దె రాదు కదా. ఒక వేసవిలో సగంమంది సెలవులకి ఊళ్ళకి పోయారు, పని తగ్గింది. కఫీల్ వాటా పెంచాడు. సల్వాలో పాత ఇంటావిడ చెల్లెలికి పనిమనిషి కావాలని కబురొచ్చింది. ఆ సంగతి చెబుతూ ఆమె కత్తెర పక్కన పెట్టేసింది.

"మళ్ళా ఆ గేటు లోపలికి నేను పోను పాపా. మామా మంచిదే, ఇంటామెను అట్లనే పిలిచేది. కొట్టలేదు, తిట్టలేదు. అయినా పోను. ఈ గది పోతే నేను బతకను."

నాకు ఊరుకోవడం చేతకాదు. అప్పటికప్పుడు ఆమె ఫోన్‌లో ఒక పేజీ తెరిచాను. ఆమె కుట్టిన జాకెట్లు శుక్రవారం వచ్చినవాళ్ళకే తొడిగించి ఫోటోలు తీశాను. మనవాళ్ళ జాకెట్ల అందమంతా వీపు మెడలోనే కదా, అందరినీ గోడ వైపు తిప్పి నిలబెట్టి తీశాను. పేజీ నిండాక ఆమెకి చూపిస్తే చాలాసేపు వేలితో పైకీ కిందికీ తోసి చూసింది.

"అన్నీ ఈపులే. ఒక్క మొగం గూడా లేదే. ఇంతమంది నాకు ఈపు చూపిచ్చి నిలబడినారేంది?"

"మొహాలు పెడితే వాళ్ళ మొగుళ్ళు ఊరుకోరక్కా. వీపులే అమ్ముడుపోతాయి."

అమ్ముడుపోయాయి. సాల్మియా నుంచి, మంగఫ్ నుంచి, ఆస్పత్రి హాస్టళ్ళ నుంచి నర్సులు, మెసేజ్ మీద మెసేజ్. కాకపోతే రిగ్గై దాకా రావడానికి ఎవరికీ తీరిక లేదు. బండివాడితో ఆది జాకెట్టు పంపుతాం, కుట్టి పంపండి అన్నారు. ఆమె రెండు రోజులు గింజుకుంది. నిన్నటి మనుషులకి కుట్టమంటావా అని నా మీద ఎగిరింది. చివరికి అద్దె గుర్తొచ్చి ఒప్పుకుంది.

ఇక్కడే వచ్చింది పేచీ. మంగఫ్‌లో ఒకావిడ పార్సెల్ విప్పి, జాకెట్టు కింది అంచు ఫోటో తీసి, పేజీలో పెట్టింది. "ఇంత తీసుకుని ఒక హుక్కు కుట్టడం మర్చిపోయారు." దాని కింద ఇంకొకావిడ, "నాకూ అంతే." మూడో ఆవిడ, "నాకూ." నలుగురూ నాలుగు మాటలన్నారు. చేతి నిండా ఉన్న ఆర్డర్లు వెనక్కి పోయాయి. ఎండలో టాక్సీ చేసుకుని కోపంగా వెళ్ళాను. బెల్లు కూడా కొట్టలేదు.

ఆమె మిషను దగ్గర లేదు. సోఫా మీద కూర్చుని ఉంది. ఫోన్ పక్కన బోర్లా పెట్టి ఉంది.

"మర్చిపోతే మర్చిపోయానని పెడదామక్కా. క్షమించమని నేను రాస్తాను" అన్నాను.

"మర్సిపోలేదు."

"మరి?"

"వస్తారని ఇడిసిపెట్టినా."

"ఎవరు?"

"వాళ్ళే. హుక్కు లేకపోతే కుట్టించుకునేదానికి వస్తారు గదా. వస్తే కూచ్చుంటారు."

 బిగువు, ఒంటి కొలత అని ఇన్నాళ్ళూ చెప్పిందంతా నేను నమ్మాను. ఆమె నా వైపు చూడకుండా తలుపు వైపు చూస్తూ చెప్పింది.

"సల్వాలో బెల్లు పొద్దన్నుంచి మోగేది పాపా. మామా అక్కచెల్లెండ్లు, పిల్లోళ్ళ టీచర్లు, ఏసీ బాగుచేసేటోళ్ళు, సామాన్లు తెచ్చేటోళ్ళు. పరిగెత్తి తలుపు తీసేది నేనే. అన్నేండ్లలో నాకోసరం ఎవురన్నా ఒక్కసారి కొట్టింటే చూడు. ఎవురికి తెలుసు నేనాడుండానని? ఈ గది తీసుకున్యాక మొదట కొనింది మిషను గాదు. ఆ బెల్లు."

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఏడుపొచ్చింది, అది కనబడనీయకుండా ఇంకొంచెం కఠినంగా మాట్లాడాను. "హుక్కు కోసం మంగఫ్ నుంచి ఎవరూ రారక్కా. పిన్నీసు పెట్టుకుంటారు. పైసారి ఇంకొక దర్జీకి ఇస్తారు. మీరు మళ్ళీ సల్వా పోతారు. ఏం కావాలో మీరే చెప్పండి."

ఆమె బోర్లా పెట్టిన ఫోన్‌ని ఇంకొంచెం దూరం తోసింది. తర్వాత, "నువ్వు గూడా రావా?" అంది.

"హుక్కు ఉన్నా వస్తాను."

"ఇప్పుడట్లనే అంటావులే."

లేచి హుక్కుల డబ్బా తెచ్చింది. మిగిలిన జాకెట్లన్నిటికీ ఆ మధ్యాహ్నమే హుక్కులు వేశాం. నేను కుట్టినవన్నీ ఆమె బ్లేడుతో కోసేసి మళ్ళీ కుట్టింది. మంగఫ్ ఆవిడకి ఇంకొక జాకెట్టు ఉచితంగా కుడతామని పెట్టాం. ఆవిడ మెత్తబడి రెండు హృదయాల బొమ్మలు పెట్టింది. చివర్లో గుట్ట మీంచి నా జాకెట్టు తీసి పక్కన పెట్టి, "నీది మాత్రం ఇడిసిపెడతా" అంది. సరే అన్నాను.

ఆ తర్వాత ఆమెకి మంచి రోజులే వచ్చాయి. ఆ పేజీ తెరవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఊళ్ళో ఉన్న కూతుర్ని తిరుపతిలో నర్సింగ్‌లో చేర్పించింది, ఎవరినీ అడగలేదు. అంతకుముందు ఫోన్ చేస్తే పంపు, పంపు అనే మొగుడు, ఏం చేద్దామంటావు అని అడగడం మొదలుపెట్టాడు. మరిదిగారు కూడా వదిన లైన్లోకి వచ్చేదాకా మాట ఆపి కూర్చుంటున్నాడట. ఊళ్ళో ఇంటికి కరెంటు మీటరు తన పేరు మీదికి మార్పించింది. ఆ బిల్లు ఫోటో ఫోన్‌లో దాచుకుని, వెళ్ళిన ప్రతిసారీ నాకు చూపించేది. గాజులు చేయించుకుంది, అవి ఎప్పుడూ నాకు చూపించలేదు. బిల్లు చూపించేది.

"చూసినావా, నా పేరు. నేనాడ లేకపోయినా లైటేస్తే నా పేరే తిరుగుతాది."

పని ఎక్కువై, నిజామాబాద్ వైపు ఆవిణ్ణి ఒకర్ని తోడు పెట్టుకుంది. ఆమె వేరే గదిలో ఉండేది, కత్తిరించిన గుడ్డలు పట్టుకుపోయి కుట్టి తెచ్చేది. పేజీకి నంబర్ల పద్ధతి వచ్చింది. ఫలానా నంబరు, ఫలానా రంగు, ఫలానా వీధి. శుక్రవారాలు వచ్చేవాళ్ళు కూడా, ఎందుకులే ఇంతదూరం, పేజీలోనే ఇచ్చేద్దాం అనుకున్నారు. వాళ్ళననడానికి లేదు, ఎండలు అలాంటివి. అక్క సోఫా మీద మొదట ఒక పార్సెల్ కవరు పెట్టింది. తర్వాత ఒక కట్ట పెట్టింది. ఒకసారి నేను వెళ్తే కూర్చోవడానికి చోటు లేక మంచం మీద కూర్చోబెట్టింది, చాలా సిగ్గుపడింది.

అదే రోజు బెల్లు మోగింది. ఆమె గబగబా లేచి పొయ్యి మీద టీ గిన్నె పెట్టి తలుపు తీసింది. డెలివరీ బండివాడు. హెల్మెట్ తియ్యలేదు.

"ఆవ్ భయ్యా, చాయ్ పియో" అంది.

"టైం నహీ, సిస్టర్" అని సంచి అందుకుని వెళ్ళిపోయాడు. అతని ఫోన్ మెట్ల మీద కూడా కుయ్ కుయ్ మంటూనే ఉంది. ఆమె తిరిగి వచ్చి ఆ టీ నాకూ తనకూ పోసింది.

"రోజుకు ఎన్నిసార్లు మోగుతాదో లెక్కలేదు. అన్నీ నాకోసరమే మోగుతాండాయి పాపా, చూడు. లోపలికి మాత్రం ఎవురూ రారు."

బొరుగులు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. ఉల్లిపాయ నేను తరిగాను.

ఆఖరిసారి చూసింది ఆమె సెలవు మీద ఊరికి వెళ్ళే ముందు. పెట్టెలు కట్టేసి ఉన్నాయి. కూతురికి స్టెతస్కోపు కొనిందట, దాన్ని బట్టల మధ్యలో కాకుండా చేతిసంచిలో పెట్టుకుంది. నా నీలం జాకెట్టు కుట్టి పెట్టింది. తొడుక్కుని కింద వేలితో తడిమాను. హుక్కు లేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

"వచ్చినాక కుడతా. వస్తావు గదా?"

"ముందు మీరు రండి."

"నేను రాక యాడికి పోతా? నా గది ఈడుండాది."

నన్ను సాగనంపడానికి తలుపు దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుంటే, ఆమె చెయ్యి చాచి తన బెల్లు తనే ఒకసారి నొక్కింది. పిట్ట కూసింది. తల పక్కకి వంచి ఆ కూత అయిపోయేదాకా విన్నది. "బ్యాటరీ ఉండాదో లేదో చూస్తాండా" అంది. నేను మెట్లు దిగుతుంటే వెనక మళ్ళీ ఒకసారి వినబడింది.

ఆమె పోయిందని చూసిన వారం తర్వాత పేజీ నుంచి నాకొక మెసేజ్ వచ్చింది. "అక్కా, మీ నీలం బ్లౌజ్‌కు ఒక హుక్కు కుట్టేది ఉన్నదట, అక్క ఊరికి పొయ్యేటప్పుడు చెప్పింది. మా రైడర్‌ను పంపుతా, ఇయ్యుండ్రి. కుట్టి పంపుతా." నిజామాబాద్ ఆవిడ. పేజీ ఇప్పుడు ఆమె నడుపుతోంది, ఆ గదిలోకి కూడా మారిందట. ఒక్క హుక్కు నాకు కుట్టుకోవడం రాక కాదు. ఇంట్లో హుక్కులు కూడా ఉన్నాయి. రైడర్ వద్దని రాసి, శుక్రవారం జాకెట్టు కవర్లో పెట్టుకుని రిగ్గై వెళ్ళాను.

వీధి తలుపు ఎప్పటిలా ఓరగా ఉంది. గది తలుపు మూసి ఉంది. బెల్లు అలాగే ఉంది. నొక్కాను. కూత కొంచెం నీరసంగా వచ్చింది.

లోపల్నుంచి, "ఆర్డర్ నంబర్ చెప్పుండ్రి" అన్న మాట.

అక్క అనే "ఎవురూ?" కోసం నేను ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.  "నంబరు లేదండీ. ఊరికే వచ్చాను" అన్నాను.

తలుపు తెరుచుకుంది. టేపు మెడలో ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. వెనక మిషను మీద ఎర్ర గుడ్డ సగం కుట్టి ఉంది, మంచం మీద ఫోన్ ఆగకుండా మోగుతోంది. సోఫా కనబడటం లేదు, కవర్లే కనబడుతున్నాయి.

"గింత దూరం ఎందుకొచ్చిన్రక్కా, రైడర్‌ను పంపుతుంటి గద. ఇటియ్యుండ్రి, రెండు నిమిషాల పని." అప్పటికే సూది తీసింది.

కవరు ఆమె చేతికి ఇవ్వబోయి, మళ్ళీ నా దగ్గరికి లాక్కున్నాను.

"ఇవాళ వద్దులెండి. ఇంకోసారి వచ్చినప్పుడు కుడుదురుగాని."

మొదటిరోజు బెల్లు కొట్టమన్నప్పుడు నేను అక్కని ఎలా చూశానో, ఈమె నన్ను అలా చూసింది.

"గీ ఒక్క హుక్కుకు మళ్ల వస్తరా?"

"వస్తాను."

ఆమె సూదిని కొంగుకి గుచ్చుకుంది. వెనక్కి తిరిగి ఆ కవర్ల గుట్ట వైపు ఒకసారి చూసింది.

"మంచిదక్కా. వచ్చే ముందట ఒక మెసేజ్ పెట్టుండ్రి. సోఫా ఖాళీ చేసి పెడ్త."